ఈత రాని జాలరి పిల్ల

మాది చేపలు పట్టే కుటుంబం. అయినా నాకు ఈత రాదు. మా ఇళ్లలో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు గానీ పడవ ఎక్కరు. తొంభైల్లో లంక ఊరి బడిలో టీచరుగా చేరాక రోజూ గోదావరి దాటాల్సి వచ్చింది.

పడవెక్కగానే హెడ్మాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "నాకు నీళ్లంటే భయమమ్మా. మునిగితే నువ్వే కాపాడాలి" అనేవారు. జాలరి పిల్లకు ఈత రాదని చెప్పడానికి సిగ్గేసి తలూపేదాన్ని.

ఓ రోజు గాలికి పడవ ఒరిగింది. "మేడమ్, నాకు ఈత రాదండీ!" అని కేక పెట్టాను.

పడవ నిలదొక్కుకున్నాక అందరూ ఒకటే నవ్వు. ఆవిడ మాత్రం నా చెయ్యి వదల్లేదు. "తెలుసులేమ్మా. మొదటిరోజే నీ కాళ్లు వణకడం చూశాను. నాకు ఈత వచ్చు" అన్నారు.

ఇప్పుడు కొత్త టీచర్లతో పడవెక్కితే, "నాకు భయమమ్మా, చెయ్యి పట్టుకో" అంటాను. కాకపోతే నేను చెప్పేది నిజం!