ఊరందరి నడుములూ ఎరిగిన పాదం

పోయిన నెలలో విశాఖపట్నంలో ఒక డాక్టరుగారి బల్ల మీద, మొహం పెట్టుకోవడానికి తొలిచిన కంతలోంచి నేల పలకలు చూస్తూ బోర్లా పడుకుని ఉన్నప్పుడు, నాకు నొప్పి కన్నా ముందు అసూయ గుర్తుకొచ్చింది. కత్తీ సూదీ లేకుండా వట్టి చేతులతోనే నడుం డిస్కులకీ నరాల నొప్పులకీ వైద్యం చేస్తారని మా కోడలు ఫోనులో చూసి చెబితే, చోడవరంలో బస్సెక్కి నేనూ మా ఆవిడా బయల్దేరాం. కైరోప్రాక్టిక్ అంటారట దాన్ని. దిగేలోపల ఆ మాట నోటికి పట్టించుకుందామనుకున్నాను గానీ, పళ్ళు సగం పోయిన నోరు కనుక సబ్బవరం దాటేసరికి దాన్ని వదిలేసి 'చేతి వైద్యం' అనుకుని ఊరుకున్నాను.

డాక్టరు కుర్రవాడు. స్కానింగు ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి, అడుగు డిస్కు కాస్త జారి కాలికి వెళ్ళే నరాన్ని నొక్కుతోందనీ, కాలిలో బలం బాగానే ఉంది కనుక ఇప్పట్లో కోత అక్కర్లేదనీ, కొన్నాళ్ళు వచ్చి చూడమనీ నెమ్మదిగా చెప్పాడు. ఆయన బల్ల చిత్రమైనది. నడుం దగ్గర రెండుగా విడిపోయి, కాళ్ళవైపు భాగం కిందికి వంగుతుంది. అది వంగినప్పుడల్లా ఆయన అరచెయ్యి నా నడుం మీద, అప్పుడే కలిపిన పిండికి ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నంత మెల్లగా ఆనుతుంది. ఈ నొప్పి ఎలా మొదలైందని ఆయన అడిగితే, నా వయసువాడికి వినేవాళ్ళు దొరకడం కష్టం కనుక, వచ్చిన అవకాశం వదులుకోలేదు. వయసులో ఉన్నప్పుడు బురదలో దిగబడ్డ చెరకు బండిని, ఎడ్లు కూడా మోకాళ్ళ మీద కూలబడితే, నేనొక్కణ్ణే భుజం పెట్టి గట్టెక్కించాననీ, అప్పుడు కలుక్కుమన్న నడుం ఇదేననీ చెప్పాను. గోడవార కుర్చీలో కూర్చున్న మా ఆవిడ ఆ బండిని గట్టు దాకా కూడా రానివ్వలేదు.

"బండీ నేదు, గిండీ నేదు బాబూ. మిషను కింద బాబిన్ పడిపోతే తియ్యడానికి ఒంగేడు. ఒంగినోడు మరి నెగనేదు."

డాక్టరు నవ్వితే ఆ నవ్వు ఆయన చేతిలోంచి నా నడుములోకి దిగింది. మా ఆవిడ చెప్పిందే నిజం. నేను దర్జీని, చెరకు బండిని దూరం నుంచి చూసినవాణ్ణే తప్ప ఎత్తినవాణ్ణి కాను.

అసూయ సంగతి చెప్పాలంటే పెళ్ళినాటికి వెళ్ళాలి. మన ఈడువాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు గానీ, చిన్నవాళ్ళెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చి పుట్టినవాళ్ళని ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళంటాం. నడుం పట్టేసినవాడు బోర్లా పడుకుంటే, అలా పుట్టినవాళ్ళు పాదంతో మూడు మార్లు రాసి ఒత్తితే పట్టు వదిలిపోతుందని మనవైపు నమ్మకం. చీడికాడ దగ్గర పల్లెలో పుట్టిన మా ఆవిడ అలా పుట్టిందని నాకు పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. తాళి కట్టిన గంటకే, వంటపందిట్లో అన్నం గుండిగ దింపుతూ ఒక పెద్దమనిషి నడుం పట్టేసి అక్కడే కూలబడ్డాడు. మా అత్తగారు కూతుర్ని నా పక్కనుంచి లేపి తీసుకుపోయింది. కొంగుముడి విప్పి నన్నొక్కణ్ణీ పీట మీద కూర్చోబెట్టేస్తే, నేను మెడ సాచి చూశాను. పారాణి ఇంకా ఆరని పాదం, నా గుమ్మంలో ఇంకా పెట్టని పాదం, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వీపు మీద ఉంది. ఆయన లేచి నిలబడి దండం పెట్టాడు. పందిరంతా సంతోషించింది, పెళ్ళికొడుకు తప్ప.

చోడవరం బజారులో మా ఇంటి ముందుగదే నా దుకాణం. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడే, ఈ సంగతి ఎలా పాకిందో పాకింది. పంచదార మిల్లుకి చెరకు వెళ్ళే రోజులు మొదలైతే, మోపులు మోసే కళాసీలు, బండ్లు తోలేవాళ్ళు తెల్లవారేసరికి పరగడుపున మా అరుగు మీద వరసగా బోర్లా పడుకుని ఉండేవారు. మా ఆవిడ కళ్ళాపి చల్లడం ముగించి, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, కిటికీ ఊచ ఒక చేత్తో పట్టుకుని, పాదం మోపేది. పెద్దవాళ్ళయితే ముందు "తప్పు కాయండి బాబూ" అని, అయిపోయాక వాళ్ళని తాకి కళ్ళకద్దుకునేది. చిన్నవాళ్ళకి ఆ మర్యాదలేవీ లేవు.

"అప్పా, ఇంకొంచెం బరువెయ్యవే," అని మూలిగేవాడు, అక్కని అప్ప అనే మావైపు కుర్రాడొకడు.

"నా బరువంతా ఏస్తే నువ్వు మళ్ళీ పుట్టాల్రా," అనేది ఆవిడ.

అరుగంతా నవ్వేది. నేను లోపల గుడ్డ లేకుండానే మిషను తొక్కేవాణ్ణి, ఆ నవ్వులు వినపడకుండా. దారిన పోయే దానయ్యలందరి నడుములూ ఆ పాదానికి తెలుసు. నా నడుం మాత్రం తెలియదు, ఎందుకంటే మొగుడికి పెళ్ళాం కాలు తగలకూడదు; పొరపాటున పక్కలో తగిలినా లేచి దండం పెట్టుకునే రోజులవి. నాకు అప్పట్లో నడుం నొప్పి కూడా లేదు. లేని నొప్పికి దొరకని మందు కోసం కుళ్ళుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

వాళ్ళందరిలోకీ నా కడుపుమంట ఎక్కువగా మా తోడల్లుడి మీద. మా ఆవిడ చెల్లెలి మొగుడు, దేవరాపల్లి వైపు లారీ తోలేవాడు, నవ్వితే ఎదుటివాళ్ళు చూస్తూ ఉండిపోయేంత అందగాడు. లారీ తోలేవాళ్ళకి నడుం నొప్పి రాదని నేననను గానీ, అతనికి వచ్చినంత తరచుగా ఎవరికీ రాదు. ఒకనాడు గుమ్మంలోనే అతన్ని నిలేసి, నీ నొప్పి నీ ఇంట్లో ఉంచుకోమని కడిగేశానని తర్వాత నేను చాలామందికి చెప్పాను. అంత ధైర్యం నాకెక్కడిది? నేను చేసిందల్లా, అతను కుట్టడానికిచ్చిన పాంటుని నడుం దగ్గరా తొడల దగ్గరా ఊపిరాడనంత బిగించి కుట్టడం. అది వేసుకుని వచ్చినవాడు అరుగు మీద బోర్లా పడుకోవడం కాదు కదా, కూర్చోలేకపోయాడు. మర్నాడు లుంగీ కట్టుకుని వచ్చి హాయిగా పడుకుని, "వదినా, అన్న కొలతలు మర్చిపోతన్నాడే, సూపు తగ్గిందేటో సూపించు," అన్నాడు. ఆ పూట నాకు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ నా మొహంలోకి చూసి, "లుంగీలు కూడా కుడతావేటి మావా," అని మాత్రం అంది.

ఆ తర్వాతి ఏడు, స్కూళ్ళు తెరిచే ముందు పిల్లల ఖాకీ నిక్కర్లు కుప్పలుగా పడి ఉన్నప్పుడు, బాబిన్ కోసం వంగి నేను లేవలేకపోయాను. తుంటిలో మొదలైన నొప్పి తొడ వెనకనుంచి మడమ దాకా, ఎర్రగా కాల్చిన తీగ లాగినట్టు దిగింది. ఆ నొప్పిలోనూ, ఒప్పుకుంటాను, నాకు లోపల చిన్న సంతోషం కలిగింది. ఇక నా వంతు వచ్చింది కదా అనుకున్నాను. మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. చాప వేసి నన్ను బోర్లా పడుకోబెట్టింది. అలవాటు కొద్దీ కుచ్చిళ్ళు దోపి, కిటికీ ఊచ పట్టుకుని, పాదం ఎత్తింది. ఎత్తిన పాదం నీడ నా పక్కన నేల మీద పడడం నేను చూశాను.

"ఒసే, మొగుడి మీద కాలెడతావేటే? పసుపూ కుంకం అక్కర్నేదేటే నీకు?" అంది గుమ్మంలోంచి మా అమ్మ.

నీడ వెనక్కి పోయింది.

మా అమ్మ ఊళ్ళో లేని రోజు చూసి బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. తర్వాత మా ఆవిడ కనపడకుండా పెట్టిపోయిన మినపసున్ని తిన్నాను గనుక ఆ నిరాహారదీక్షని గొప్పగా చెప్పుకోను. ఆవిడ ఒక్కటే మాట అంది: "నడుం బాగవుద్దేమో మావా. నువ్వుండకపోతే ఆ నడుంతో నేనేటి సేసుకోను?" మాత్రలు మింగాను. ఆపరేషనంటే కాళ్ళు పడిపోతాయని ఊరంతా భయపెట్టింది. చివరికి ఆ వానాకాలమంతా, పొద్దు వాలేవేళకి, ఆవిడ ఆముదం వెచ్చచేసి రెండు చేతులతో నా నడుం రాసి, ఉప్పుమూటతో కాపడం పెట్టేది. చేతులు పీకితే మోచేతులతో ఒత్తేది. ఊరికి ఒక్క పాదం, అదీ రెప్పపాటు. నాకు రెండు చేతులూ, నెలల తరబడి. బుద్ధున్నవాడికి ఏది ఎక్కువో తెలియాలి. నేను మాత్రం పొద్దున్నే అరుగు మీద నడుం పట్టు వదిలినవాళ్ళు విడిచే నిట్టూర్పులు చాప మీదనుంచి వింటూ పళ్ళు నూరాను. నెమ్మదిగా నొప్పి తగ్గింది, మళ్ళీ మిషను తొక్కాను, అసూయ మాత్రం నయం కాలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ అరుగు పలచబడింది. నొప్పి మందులొచ్చాయి, నడుముకి బెల్టులొచ్చాయి, ఆడమనిషి చేత తొక్కించుకోవడమేమిటని మొహమాటాలొచ్చాయి. చివరగా వచ్చినవాడెవడో కూడా గుర్తులేదు. మా అమ్మ పోయింది, తోడల్లుడు పోయాడు. పాత నొప్పి మాత్రం ఈ వేసవిలో మళ్ళీ వచ్చింది.

బల్ల మీదనుంచి నన్ను లేపి, ఇంటి దగ్గర చెయ్యవలసిన కసరత్తులు చూపించాక, మా ఆవిడ డాక్టరుని మెల్లగా అడిగింది, కాలితో తొక్కితే మంచిదా బాబూ అని. తొక్కించకండమ్మా, ఈ డిస్కుకి అది ప్రమాదం అన్నాడాయన మర్యాదగానే. ఆవిడ తలూపింది. తిరుగు బస్సులో చోడవరం దాకా కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూనే ఉంది. తెలిసి చేసినా తెలియక చేసినా, ఎంతమంది నడుముల మీద కాలు పెట్టానో అని భయపడుతోందేమోననుకుని, ఒక్కడికైనా చెడు జరగలేదు కదా అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు చెప్పిన కసరత్తు చేస్తూ చాప మీద బోర్లా ఉన్నాను. ఆవిడ వచ్చి కిటికీ ఊచ పట్టుకుంది.

"నీ ఆయుస్సు తగ్గిపోద్దని అప్పుడు బయిం. ఇంక తగ్గడానికేటి మిగిలిందిలే," అంది.

డాక్టరు వద్దన్నాడు కదా అని నేననలేదు. ఆయన తొక్కవద్దన్నాడు, తగిలించవద్దనలేదు. మోకాలు వంగక ఆవిడ పాదం ఎత్తడానికి చాలాసేపు పట్టింది. చివరికి నా నడుం మీద ఆనింది. బరువేమీ లేదు, మడమ పగుళ్ళు చొక్కా మీదనుంచి కూడా తెలిశాయి. మూడు మార్లు రాసింది. తర్వాత కష్టపడి వంగి నా కాళ్ళు తాకి కళ్ళకద్దుకుంది.

వెంటనే నొప్పి ఎగిరిపోయిందనీ, లేచి బస్టాండు దాకా నడిచాననీ రాయాలని చెయ్యి పీకుతోంది. ఎగిరిపోలేదు. డాక్టరు దగ్గరికి ఇంకా వెళుతూనే ఉన్నాను, ఆయన చేతి చలవ వల్లే కాలి తిమ్మిరి కాస్త తగ్గింది.

మొన్నామధ్య మా మనవరాలి కడుపులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని స్కానింగులో ముందే తెలిసి, ఆపరేషను చేసి క్షేమంగా తీశారు. మా ఆవిడని కనడానికి మా అత్తగారు చావు దాకా వెళ్ళొచ్చిన కథ విన్నవాణ్ణి కనుక ఆ కత్తికి దండం పెడతాను. అయితే నడుముకి కత్తి వద్దని పట్నం పోతున్న మనం, పుట్టుకకి కత్తి కావాలని అదే పట్నం పోతున్నాం. ఇక చోడవరంలో ఎదురుకాళ్ళతో పుట్టేవాళ్ళు ఉండరు, పరగడుపున ఇంకొకరి అరుగు మీద నమ్మకంతో బోర్లా పడుకునేవాళ్ళూ ఉండరు. ఆ కళాసీల్లో ఇప్పుడు ఎందరు మిగిలారో తెలియదు. ఎక్కడున్నా వాళ్ళంటే నాకు కుళ్ళు తగ్గలేదు. వాళ్ళు ఇంకొంచెం బరువెయ్యమంటే వెయ్యగలిగిన పాదం వాళ్ళకి దొరికింది. నాకు దొరికేసరికి, దానికి బరువే లేదు.