మైనస్ తొమ్మిది అంటే అప్పు కాదు

మా పై అంతస్తు అక్కయ్యగారు గత మంగళవారం ఉదయం కన్నుమూశారు. సింగపూర్‌ ఆంగ్ మో కియోలోని మా బ్లాకు తెలుగువారి వాట్సాప్ గ్రూపులో ఆమె కుమారుడు పెట్టిన కబురులో ఒక వాక్యం ఉంది: "చివరి సంవత్సరాల్లో జూదమనే బలహీనతను జయించి, దైవచింతనలో గడిపారు." అది చదివినప్పటి నుంచి నాకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

ఆమె కళాశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసినవారు. నాకు డెబ్బై నిండినా "అమ్మాయ్" అనే పిలిచేవారు. ఇంకెవరైనా అలా పిలిస్తే నేను ఊరుకునేదాన్ని కాదు.

సాయంత్రాలు తమ భోజనాల బల్ల దగ్గర నాకు బ్లాక్‌జాక్ అనే పేకాటలో ముక్కల లెక్క నేర్పారు. రెండు నుంచి ఆరు వరకు ఏ ముక్క పడినా ఒకటి కలపాలి, పది, బొమ్మ, ఆసు పడితే ఒకటి తీసేయాలి, మిగతావాటిని వదిలేయాలి. లెక్క పెరిగితే కట్టలో పెద్ద ముక్కలు మిగిలాయని, ఆటగాడికి అనుకూలమని అర్థం. నేను గొణుక్కుంటే, "పెదవి కదిలితే అది లెక్క కాదమ్మాయ్, జపం" అనేవారు. కందిపచ్చడిలో వెల్లుల్లి ఉండాలా వద్దా అని నాతో వాదిస్తూ కూడా ఆమె లెక్క తప్పేవారు కారు.

క్యాసినోకు వెళ్లింది ఒక్కసారే, నాతోనే. ఒక్కో ఆట ముగియగానే ముక్కలన్నీ వాటిని కలిపే యంత్రంలోకి తిరిగి పోవడం చూశారు. "గుర్తుపెట్టుకోవడానికి వీళ్లేమీ మిగల్చలేదు. పద, ప్రాటా తిందాం" అన్నారు. ఒక్క ఆటా ఆడలేదు.

సాధన మధ్యలో వచ్చిన అంకెలను నోటుపుస్తకంలో రాసుకునేవారు: ప్లస్ ఆరు, మైనస్ తొమ్మిది. కుమారుడు అవి చూసి, ఆమె పోగొట్టుకున్న వేల డాలర్లనుకున్నాడు. ఒక్క మాట అడగకుండా, ఆమెను క్యాసినోలోకి రానివ్వవద్దని కుటుంబం తరఫున అర్జీ పెట్టాడు. నిషేధపు ఉత్తరం వచ్చిన రోజు, "నేను వెళ్లి మీ అబ్బాయికి చెబుతాను" అన్నాను.

"వద్దు. మైనస్ కనబడితే అప్పే అనుకునేవాడికి ఒకటో తరగతి పాఠం నేను మళ్లీ చెప్పను."

అది నాకూ తెలిసిన గర్వమే కనుక ఒప్పుకున్నాను. మూడేళ్లు నోరు మూసుకున్నాను. ఆ మూడేళ్లూ ఆమె గదిలోకి వస్తే బంధువులు పేకముక్కలు దాచేవారు. నా కోపంలో నాకూ వాటా ఉంది.

ఆమె పోయిన మూడో రోజు ఆ నోటుపుస్తకం, ఒక పేక కట్ట పట్టుకుని ఆమె కుమారుడి ఎదుట కూర్చున్నాను.

"ఇప్పుడెందుకు ఆంటీ ఇదంతా? అమ్మ రికవర్ అయింది కదా."

"మీ అమ్మకు జబ్బే లేదు నాయనా. లెక్కపెట్టు."

నియమం చెప్పాను. ఒక్కో ముక్కే తిప్పుతూ పైకి వినబడేలా లెక్కించాడు. మధ్యలో మైనస్ నాలుగు వచ్చింది. చేయి ఆగింది. పుస్తకం వైపు చూశాడు.

"ఇవి... లాస్ కాదా ఆంటీ?"

"కానివ్వు."

యాభై ఒక్క ముక్కలయ్యేసరికి అతని లెక్క ప్లస్ ఒకటి దగ్గర నిలిచింది. కట్ట పూర్తయితే లెక్క సున్నాకే రావాలని చెప్పాను. బోర్లా ఉన్న చివరి ముక్కను అతడు తిప్పలేదు.

"పెద్ద ముక్క" అన్నాడు.

"ఆ గ్రూపులో నువ్వు రాసింది నువ్వే దిద్దు" అన్నాను.

ఎడమచేయి ఆ ముక్క మీదే ఉంచి, కుడిచేత్తో ఫోను తీశాడు. "అమ్మ" అని టైపు చేశాడు. ఆ రెండక్షరాల పక్కన సన్నని గీత వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది.