అమెరికా కారులో ఐరేని కుండలు

1978 మే, రెండో గురువారం. హాజరు: నేను, డ్రైవరు యాకూబ్, గూడూరు కుమ్మరి ఓదెమ్మ, పెళ్లిపందిట్లో నిలిపే ఐరేని కుండలు ఐదు.

ఉదయం ఏడుంబావుకు జనగామలో డోర్నకల్ ప్యాసింజరు ఎక్కాను. వెంట తెచ్చుకున్న సర్వపిండి కాజీపేటలో తిన్నాను. పదిన్నరకు మహబూబాబాద్‌లో దిగాను. భూపాలపల్లిలో తునికాకు కాంట్రాక్టు చేసే నా పాత శిష్యుడు నర్సింహారెడ్డి బిడ్డ పెళ్లికి ప్రయాణం.

ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకు హనుమకొండ నుంచి వచ్చే జర్మనీ కారునే మాట్లాడుకుంటారు. దానికి పోటీగా యాకూబ్, తన దొరవారి షెడ్డులో ఏళ్లుగా మూలబడ్డ అమెరికా కారును బాగుచేశాడు. నర్సింహారెడ్డి డ్రైవర్లిద్దరికీ ఒకటే షరతు పెట్టాడు: తన సొంతూరు గూడూరు నుంచి తలా ఐదు కుండలు తేవాలి, కుండలు చెక్కుచెదరకుండా తెచ్చిన కారులోనే బిడ్డను అత్తగారింటికి సాగనంపుతాడు. యాకూబ్ ఓడితే దొర కొడుకు సోమవారం కారును పాత ఇనుము కింద అమ్మేస్తాడు. దాంతో యాకూబ్ కొలువూ పోతుంది.

స్టేషన్ బయట ఆ కారును చూసి నిలబడిపోయాను. మా ఇంటి వసారా కన్నా పొడుగు! సీటు మీద కూర్చుంటే దూదిలో దిగినట్టుంది.

పదకొండున్నరకు గూడూరు చేరాం. అక్కడ జర్మనీ కారు డ్రైవరు సాంబయ్య తన కుండలను తాళ్లతో బిగిస్తున్నాడు.

"ఏందే యాకూబన్నా, గీ పడవను ఏట్ల ఇడువక రోడ్డు మీదికి తెచ్చినవ్?"

"పడవనే తమ్మీ. నువ్వు ముందుగాల పో, నాకేం తొందర లేదు."

ఓదెమ్మ అడ్డుపడింది. "కుండను కట్టేస్తే పలుగుతది బిడ్డా. గడ్డిల పండవెట్టి ఊగనియ్యాలె. మేం సంతకు గట్లనే తీస్కపోతం."

"గడ్డేస్తే సీటు ఖరాబైతదవ్వా," అని సాంబయ్య కదిలిపోయాడు. యాకూబ్ మాత్రం రెండు మోపుల గడ్డి పరిచాడు. కుండల పక్కనే ఓదెమ్మా ఎక్కింది.

నర్సంపేట దాటాక అన్నీ గుంతలే. కారు ఉయ్యాలలా లేచి దిగుతోంది తప్ప ఒక్క కుదుపు లేదు. డైరీ తీసి రాశాను. బస్సులో రాస్తే నా రాత నాకే అర్థం కాదు. ఆ పేజీలో అక్షరాలు బల్ల మీద రాసినంత తిన్నగా వచ్చాయి.

"భయమైతుందా అవ్వా?" అన్నాడు యాకూబ్.

"నిద్రొస్తుందిరా. నేను పంటే కుండలెవలు జూడాలె?"

ఒక వాగు దగ్గర ఇంజను వేడెక్కింది. నీళ్లు పోసి, చల్లారేదాకా నలభై నిమిషాలు ఆగాం.

"గడియారం జూడకుండ్రి సార్," అన్నాడు యాకూబ్. చూడడం మానలేకపోయాను.

నాలుగుంబావుకు భూపాలపల్లి చేరాం. సాంబయ్య వచ్చి గంటయిందట. ఓదెమ్మ ఒక్కో కుండను వేలితో కొట్టింది. మావి ఐదూ ఖంగుమన్నాయి. సాంబయ్య తెచ్చినవాటిలో రెండు బొంగురుగా మోగాయి. తాడు బిగిసినచోట సన్నని పగుళ్లు. యాకూబ్ టైరుకు చేయి ఆనించి అట్లాగే నేల మీద కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం ఆరున్నరకు పెళ్లికూతురు అమెరికా కారు ఎక్కింది. అప్పటికే ఇద్దరు తమ ఇంటి పెళ్లికి కారు కావాలని యాకూబ్‌ను అడిగారు.

"సోమవారం ఇనుపసామాన్లాయనకు ఏం జెప్పాలె సార్?" అన్నాడు యాకూబ్ నాతో.

"రావద్దని చెప్పు," అన్నాడు పక్కనున్న నర్సింహారెడ్డి.

నేను సాంబయ్య కారులో కాజీపేట దాకా వచ్చాను. వెనక సీటు నిండా గడ్డి పరిచి ఉంది. దారిలో డైరీ రాశాను. అమెరికా కారులో రాసిన పేజీ, ఈ పేజీ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది ఎవరైనా చదవగలరు. రెండోదాన్ని ఇంటికి చేరాక మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.