రంగు పోయిన ముక్క

శామీర్‌పేట నుంచి అల్వాల్ వెళ్లే బస్సులో నా పక్కనున్నావిడ చేతిలో ఆస్పత్రి కాగితాలు నలిగిపోతున్నాయి. భర్త నాలుక మీద పుండుంటే ముక్క కోసి ల్యాబుకు పంపారట.

"గాజు పలక మీద ముక్కకేసిన రంగు పోయిందంట. మల్ల కోస్తమంటున్నరు. ఇప్పటికే అన్నం తింటలేడు," అంది.

నాకు ఒళ్లు మండింది. వేరే ల్యాబులో అలాంటి గాజు పలకలకు, అంటే స్లైడ్లకు, రంగు పట్టించడమే నా ఉద్యోగం.

"కొయ్యనియ్యకు అక్కా. రంగు పోతే తప్పు ల్యాబోళ్లది. కోసిన ముక్కను మైనంల దాస్తరు. అండ్లకెల్లి ఇంకో పొర తీసి రంగెయ్యమను."

"మరి గీ మాట వాళ్లు నాకెందుకు జెప్పలే?"

"జెప్తే తమ తప్పు ఒప్పుకోవాలె గద."

ఆవిడ బస్సు ఆపించి తూంకుంటలో దిగింది. రోడ్డు దాటి, ఆస్పత్రి వైపు వెనక్కి వెళ్లే బస్సుకు చెయ్యెత్తింది.

నా కోపం మాత్రం దిగలేదు. ఒకప్పుడు మా ల్యాబులో రంగు వెలిసినప్పుడు నేనూ రోగికి చెప్పకుండా నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోవడం లేదు.