మంచం మోసిన ఆలుమగలు

లింగంపల్లి రైల్వే గేటు పక్క సందులో మిషన్ కుట్టే సక్కుబాయికి చిన్నతనంలోనే పెద్ద జ్వరం వచ్చి చెవులు పోయాయి. అప్పటికే మాటలన్నీ వచ్చేశాయి కనుక నోరు మాత్రం మిగిలింది. తన గొంతు తనకు వినపడదు కదా, రహస్యం చెప్పినా స్టేషను దాకా వినపడేది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేది. ఆమె భర్త ఐలయ్య గేటు దగ్గర డ్యూటీ చేసేవాడు. భార్యకు ఏది చెప్పాలన్నా ముందుగా ఆమె ఎదుటికి వచ్చి, గడ్డం పైకెత్తి, అప్పుడు నోరు తెరిచేవాడు. పెదవి మీదికి పడకుండా మీసం కూడా పొట్టిగా కత్తిరించుకునేవాడు.

సక్కుబాయికి సినిమా అంటే ప్రాణం. సినిమా అంటే కోపం కూడా. పటాన్‌చెరు టూరింగ్ టాకీస్‌కు పదిమందితో కలిసి వెళ్లేది. తెర మీద హీరో మొహం ఇటు తిప్పినంతసేపు నాలుగు మాటలు దొరికేవి. అటు తిరిగాడంటే ఇక కథ ఆమెకు మూసుకుపోయినట్టే. అందరూ ఘొల్లున నవ్వితే పక్కవాళ్ల మోచెయ్యి పట్టుకుని, "ఏమన్నడు? ఏమన్నడు?" అని అడిగేది. "ఇంటికి పోయినంక చెప్త తియ్" అనేవాళ్లు. ఇంటికి పోయాక చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. రానురాను ఆమె టాకీసుకు పోవడం మానేసింది.

పక్క వాటాలో పుణ్యవతి, శ్రీనివాసరావు దంపతులు కిరాయికి ఉండేవాళ్లు. వాళ్లది భీమవరం వైపు. ఆయనకు రామచంద్రాపురం ఫ్యాక్టరీలో ఉద్యోగం. జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చి పరిచయమైన పుణ్యవతి, నెల తిరగకముందే సక్కుబాయి ముందు కూర్చుని నిదానంగా, పెదవులు విప్పి మాట్లాడడం నేర్చుకుంది. పిలుపులు కూడా అక్కా, చెల్లె అయిపోయాయి.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం వేసవిలో పుణ్యవతి తమ్ముడు విశ్వేశ్వరరావు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. వస్తూ వస్తూ వీడియో తెచ్చాడు. అక్కడ తనతో పనిచేసిన స్పెయిన్ దేశపు ఇంజనీరొకాయన సొంతూరికి తిరిగి వెళ్లిపోతూ అమ్మేస్తే కొన్నాడట. సక్కుబాయి కుట్టుమిషన్ అంత బరువుంది. దాన్ని అక్కావాళ్ల టీవీకి తగిలించి, మన ఇంట్లోనే, మనకు కావలసినప్పుడు సినిమా చూసుకోవచ్చని అతను చెబితే సందు సందంతా నోరు తెరుచుకుని విన్నది.

ఆదివారం మధ్యాహ్నానికి పుణ్యవతి ముందు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఎదురింటి ముసలామె సత్తెమ్మ ముక్కాలిపీట తెచ్చుకుని మరీ కూర్చుంది. తీరా చూస్తే తెలుగు సినిమాల క్యాసెట్లున్న సంచి బొంబాయిలో స్నేహితుడి దగ్గరే ఉండిపోయింది. వీడియోతో పాటు ఆ ఇంజనీరు వదిలేసిన క్యాసెట్లు మాత్రం ఉన్నాయి.

"ఏదో ఒకటి పెట్టరా, ఇంతమంది వచ్చారు. ఊరికే పంపిస్తే ఏం బాగుంటుంది?" అంది పుణ్యవతి.

పెట్టాడు. ఎండిన కొండలు కనిపించాయి. రాళ్లు, దుమ్ము. అచ్చం గోపన్‌పల్లి అవతలి గుట్టల్లాగే ఉన్నాయి. ఒక మొగాయన, ఒక ఆడామె పెద్ద చెక్క మంచాన్ని చెరో కొసా పట్టుకుని మోసుకుపోతున్నారు. దారిలో ఎదురైనవాళ్లు ఏవేవో అడుగుతున్నారు, వీళ్లు జవాబు చెబుతున్నారు. గదిలో ఎవరికీ ఒక్క ముక్క తెలియలేదు.

"ఇదేం భాష రా?" అన్నాడు శ్రీనివాసరావు.

"స్పానిష్ బావా. నాకూ రాదు."

"గిదేం బొమ్మనే! పాటల్లేవు, కొట్లాటల్లేవు. మంచం మోసుడు సూడనీకి నేనీడికి రావాల్నా? మా ఇంట్ల మంచం లేదా?" అని సత్తెమ్మ పీట చంకన పెట్టుకుని లేచింది. ఇంకొందరు ఆమె వెనకే లేచారు. ఉన్నవాళ్లు కబుర్లలో పడ్డారు.

సక్కుబాయి మాత్రం కదల్లేదు. మొదట్లో అలవాటు కొద్దీ పక్కవాళ్ల మోచెయ్యి కోసం చెయ్యి చాపింది. ఏమన్నడు అని అడగబోయి చుట్టూ చూసింది. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. వీళ్లకూ వినపడటం లేదు! అది తెలిసిన క్షణాన ఆమె గుండె ఎగిరి గంతేసింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

తెర మీది ఇద్దరూ ఊళ్లో వాళ్లందరితో మాట్లాడుతున్నారు గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఆడామె వెనక కొస పట్టుకుని, ముందున్నవాడి వీపును కళ్లతో కాల్చేస్తోంది. ఎక్కుడు దారిలో చెప్పాపెట్టకుండా తన కొస కింద పెట్టేసింది. వాడు వెనక్కి గుంజినట్టయి పడబోయి నిలదొక్కుకున్నాడు. తిట్టడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. తిడితే మాట్లాడినట్టు అవుతుంది కదా! సక్కుబాయి ఫక్కున నవ్వింది. ఆమె నవ్వు గది పైకప్పుకు తగిలింది. కబుర్లు ఆగిపోయాయి.

"ఏమైందక్కా? ఎందుకు నవ్వావు?" అని పుణ్యవతి ఎదుటికి వచ్చి అడిగింది.

సక్కుబాయి ఆమె మొహంలోకి చూసింది. పుణ్యవతి వెనక శ్రీనివాసరావు, విశ్వేశ్వరరావు, మిగిలిన ఆడవాళ్లు, అందరూ తనకేసే చూస్తున్నారు. ఇన్నేళ్లలో ఏ సినిమా దగ్గరా ఆమెను ఎవరూ ఈ మాట అడగలేదు.

"వాళ్లు ఆలుమొగలు! కొట్లాడుకున్నరు! మాటల్లేవ్ ఇద్దరికి! మంచం అమ్మనీకి పోతున్నరు గావచ్చు. ఇద్దరు కలిస్తెనే గదా మంచం లేస్తది. ఆమె దించింది, ఆయన పడబోయిండు, తిట్టనీకి గూడ లేదు!" అంటూ లేచి నిలబడింది. ఒకసారి ఆయన నడక నడిచింది, ఒకసారి ఆమె చూపు చూసింది. శ్రీనివాసరావుకు నవ్వు ఆగలేదు. వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్లీ పెట్టించారు. ఈసారి అందరూ నవ్వారు. వెళ్లిపోయిన సత్తెమ్మ నవ్వులు విని పీటతో సహా తిరిగి వచ్చింది.

"ఏందే సక్కూ, నాకు గూడ చెప్పు!"

ఆ రోజు రైలు దాటించి ఇంటికి వచ్చిన ఐలయ్యకు వంట కనపడలేదు, పెళ్లాం కనపడింది. ఆమె కళ్లు వెలిగిపోతున్నాయి. గ్లాసు చేతికిస్తూ సినిమా మొత్తం చెప్పింది. ఆయన బియ్యం కడుగుతూ విన్నాడు, పొయ్యి మీద ఎసరు పెడుతూ విన్నాడు.

మర్నాడు ఆమె ఆ సినిమా మళ్లీ చూసింది. ఆ మరునాడూ చూసింది. కుట్టాల్సిన జాకెట్లు కుప్ప పడ్డాయి. చూసినకొద్దీ ఆమెకొక విచిత్రం తెలిసొచ్చింది. ఆ ఇద్దరూ మంచంతో పాటు తెర దాటి వెళ్లిపోయినా బొమ్మ మారదు. ఖాళీ దారి అలాగే ఉంటుంది. దుమ్ము మెల్లగా కిందికి దిగుతుంది. ఎక్కడిదో కోడి వచ్చి, వాళ్లు నిలబడ్డ చోట గింజ కోసం వెతుక్కుంటుంది. అప్పటికి గాని తరవాతి బొమ్మ రాదు.

"చూసినవా చెల్లె? మనిషి పోయినంక గూడ ఆ జాగనే చూస్తుంటడు. గిట్ల ఎవ్వలన్న చూస్తరా?"

"ఎవరక్కా చూసేది?"

"గీ బొమ్మ తీసినాయన!"

అప్పటిదాకా సినిమా తీసేవాడు ఒకడుంటాడని పుణ్యవతికి తట్టనే లేదు. హీరో, హీరోయిన్, పాటలు. అంతే ఆమెకు తెలిసిన సినిమా.

సెలవు అయిపోయి విశ్వేశ్వరరావు దుబాయి తిరిగి వెళ్లాడు. వీడియోను అక్క దగ్గరే ఉంచి వెళ్లాడు. మిగిలిన క్యాసెట్లను ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కొక్కటే పెట్టి చూశారు. ఒకదాంట్లో బంతి ఆట. ఇంకోదాంట్లో వంట చెయ్యడం. మరోటి పెట్టగానే పట్నం కనిపించింది. వాన, మేడలు, ట్రాములు. కొండల్లేవు, దుమ్ము లేదు. మనుషులు వేరు. ఒక నడివయసు ఆడమనిషి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చేతికి తొడుగు వేసుకుంటోంది. వేసుకుని లేచింది. తలుపు దాటి వెళ్లిపోయింది.

కుర్చీ అలాగే ఉంది. కిటికీ తెర గాలికి కాస్త కదిలింది. ఆమె కూర్చున్న మెత్త మెల్లగా, తనంతట తాను పైకి ఉబ్బింది.

సక్కుబాయి ఎగిరి నిలబడింది. ఒళ్లో ఉన్న బఠాణీలు గదంతా చెల్లాచెదురయ్యాయి.

"గాయననే! చెల్లె, గాయననే! గిది గూడ గాయననే తీసిండు!"

"ఎలా చెబుతావక్కా? ఇందులో ఆ మనుషులెవరూ లేరు కదా!"

"మనుషులు లేకుంటే ఏమాయె, ఆయన ఉండు! పేరు చూడు, ముందల పేర్లు వస్తయి గదా, చూడు!"

పుణ్యవతి క్యాసెట్టు వెనక్కి తిప్పింది. అక్షరాలు ఇంగ్లీషువే, చదవడం వచ్చు. పలకడమే తెలియదు. టీవీకి ముక్కు ఆనించి, అన్నిటికన్నా చివర వచ్చిన పేరును, తీసినాయనదే అయ్యుంటుందని, ఒక పాత క్యాలెండరు వెనక రాసుకుంది. దీన్ని తీసేసి మంచం సినిమా పెట్టింది. మొదటి పేర్లు వస్తున్నంతసేపు సక్కుబాయి పుణ్యవతి పెదవులనే చూస్తూ కూర్చుంది.

పుణ్యవతి పెదవులు ముందు అక్షరాలు కూడబలుక్కున్నాయి. తరవాత విచ్చుకున్నాయి.

"అదే పేరక్కా! ఒక్క అక్షరం తేడా లేదు. అన్సెల్మో ఉర్రియేటా!"

ఇద్దరూ చేతులు పట్టుకుని గదిలో చిన్నపిల్లల్లా గిరగిరా తిరిగారు. "ఉర్రెట! ఉర్రెట!" అని సక్కుబాయి అరిచిన అరుపుకు, ఎవరికేమైందోనని సత్తెమ్మ పరుగున వచ్చింది. ఉర్రెటంటే ఊరి నుంచి వచ్చిన చుట్టం పేరనుకుందట.

ఆ పేరు సందులో నిలిచిపోయింది. ఎవరైనా ఖాళీ చోటు చూస్తూ నిలబడితే, "ఏందిరా ఉర్రెట లెక్క చూస్తున్నవ్" అనేవాళ్లు.

చలికాలం మొదలయ్యాక ఒక రోజు శ్రీనివాసరావు ఆఫీసు నుంచి పేపరు మడిచి పట్టుకుని గబగబా వచ్చాడు. ఇంట్లోకి పోకుండా నేరుగా మిషన్ దగ్గరికే వచ్చి సక్కుబాయి ముందు నిలబడ్డాడు.

"అక్కగారూ, మీ ఉర్రియేటా సినిమా పట్నంలో వేస్తున్నారండీ. ఎవరో ఫిల్మ్ క్లబ్బు వాళ్లట. ఆదివారం పొద్దున ఆట!"

సక్కుబాయి మిషన్ చక్రం ఆపడం మరిచిపోయింది. సూది ఉత్త బట్ట మీద పరుగులు తీసింది.

ఐలయ్యకు ఆదివారం డ్యూటీ. ఆయన లేకుండా ఆమె ఎన్నడూ పట్నం పోలేదు. అయినా, "ఫికర్ చెయ్యకు, పోయిరా" అని గడ్డం పైకెత్తి రెండుసార్లు చెప్పాడు. పుణ్యవతి, సక్కుబాయి ప్యాసింజరు ఎక్కి నాంపల్లిలో దిగారు. హాలు చిన్నది. ప్యాంట్లు, గడ్డాలు, భుజాన సంచులు. ఆడవాళ్లు కొద్దిమందే. జరీ అంచు చీర కట్టుకొచ్చినందుకు పుణ్యవతికి సిగ్గేసింది. సక్కుబాయికి అవేమీ పట్టలేదు, ముందు వరసలో కూర్చుంది.

దీపాలు ఆరాయి. తెర నిండా ఉప్పు మడులు పరుచుకున్నాయి. ఆ చిన్న టీవీ మీద చూసిన కళ్లకు ఆ తెల్లదనం ఎండలా తగిలింది. ఒక మొగాయన, ఒక ఆడామె ఆ మడుల్లో ఉప్పు గుంజుతున్నారు. సక్కుబాయి మొహం మీద ఆ వెలుగు ఆడుతూనే ఉంది. తెర కింద ఇంగ్లీషు మాటలు వచ్చి పోతున్నాయి, పుణ్యవతి వాటిని వదలకుండా చదువుతోంది. మనుషులు మడి దాటి వెళ్లిపోయి ఉత్త ఉప్పే మిగిలినప్పుడు, సక్కుబాయి పక్కకు చూడకుండానే పుణ్యవతి చెయ్యి గట్టిగా పిసికింది.

తిరుగు రైల్లో కూర్చోగానే అందుకుంది.

"పాపం, ఎంత ప్రేమ పెండ్లి వాళ్లది! ఇప్పుడు చూడు, ఒకరంటే ఒకరికి గిట్టది. ఆమె ఇడిసిపెట్టి పోయింది."

పుణ్యవతి తెల్లబోయింది. "పెళ్లేంటక్కా? వాళ్లు అన్నాచెల్లెళ్లు. తండ్రి పోయాక ఆ మడులు పంచుకోలేక కొట్టుకుంటున్నారు. కింద రాశాడు కదా!"

సక్కుబాయి ఆ మాట ఆమె పెదవులతో మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. పుణ్యవతికి భయం వేసింది, ఎందుకు చెప్పానా అని నాలుక కరుచుకుంది. ఇంతలో సక్కుబాయి నవ్వడం మొదలుపెట్టింది. పెట్టెలో వాళ్లందరూ తిరిగి చూసేటంత నవ్వు.

"అన్నాచెల్లెండ్లా! ఓయమ్మో! మరి మంచం మోసినోళ్లు?"

"ఏమో అక్కా! వాళ్లు ఆలుమగలని చెప్పింది నువ్వే. మేమంతా నమ్మాం."

"గా పట్నపామె ఎవరి కోసం ఏడ్సిందో గూడ మనకు ఎరుక లేదు!"

"లేదు!"

"అయితే నేను ఒక్కొక్క దానికి రెండు రెండు కథలు చూసినన్న మాట," అంది సక్కుబాయి, ఏదో అదనంగా దొరికినట్టు. "చెల్లె, నువ్వు చదివింది చెప్పు, ముందు నుంచి చెప్పు. ఒక్క మాట ఇడవకు."

మూసాపేట దాటినా, గుట్టలు దాటినా పుణ్యవతి చెబుతూనే ఉంది. మధ్యమధ్య సక్కుబాయి చెయ్యెత్తి ఆపేది. "ఆగాగు. అన్న అయితే ఆమె చెప్పులు ఎందుకు కడిగి ఎండబెట్టిండు? నీ రాతల ఉందా గది?" లేదని పుణ్యవతి ఒప్పుకునేది. అంతసేపూ కింది అక్షరాల మీదే చూపుండి, ఆమె ఆ చెప్పులు చూడనేలేదు.

లింగంపల్లిలో దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఐలయ్య గేటు వేసి, పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. వీళ్లను చూడగానే గడ్డం పైకెత్తాడు.

"ఎట్లున్నది?"

ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు. "అన్నాచెల్లెళ్లండీ..." అని పుణ్యవతి. "ఆలుమొగలు లెక్కనే ఉన్నరయ్యా..." అని సక్కుబాయి. అంతలో గూడ్సు బండి వచ్చేసింది. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి దడదడలాడుతూ పోతుంటే నేల అదిరింది. పుణ్యవతి మాట ఆపి చెవులు మూసుకుంది. సక్కుబాయి ఆపలేదు. నడుం వంచి ఉప్పు గుంజింది, చెప్పులు కడిగింది, వాటిని ఎండలో పెట్టి రెండడుగులు వెనక్కి వేసి, ఖాళీ చోటు చూపించింది. ఐలయ్య జెండా చాపి పట్టుకునే, బండి పోతున్నంతసేపు పెళ్లాం చేతులనే చూస్తూ నిలబడ్డాడు.