రెండువందల పద్నాలుగు దెబ్బలు

“మొత్తం రెండువందల పద్నాలుగండి. ఒక్కటీ వదల్లేదు. ఒక్కోదాన్నీ సుత్తితో కొట్టి చూశాను. అన్నీ ఒకేలా పలికాయి. ఒకేలా పలికాయి గనక అన్నీ బాగున్నాయనుకున్నాను. నా బుద్ధి అక్కడిదాకానే వెళ్ళింది.”

అచ్చిబాబు గారు సుత్తిని ఒళ్ళో పెట్టుకుని, ఇంజన్ చూద్దామని వచ్చిన నాకు చెబుతున్నారు. ఎదురుగా పట్టాల మీద చిన్న ఆవిరి ఇంజన్. పట్టాల మధ్య దూరం రెండడుగులే. పొగగొట్టం తీసేస్తే ఇంజన్ ఆయన భుజం దాటదు. పాలకొల్లు దాటాక కాలవగట్టు పక్కన, ఒకప్పుడు రొయ్యల మేత బస్తాలు పెట్టుకున్న షెడ్డు ఇది. చాలాకాలం క్రితం మూతపడ్డ ఒక పంచదార ఫ్యాక్టరీకి చెరకు మోసిన ఇంజన్ తుమ్మడొంకల్లో పడి ఉంటే, రొయ్యల చెరువుల శ్రీనివాసరాజు గారు పాత ఇనుము కింద కొన్నారు. వాళ్ళ అమ్మగారు సూర్యావతి గారి పుట్టింటి పెరటి వెనక నుంచే అది నడిచేదట. ఆవిడ చేత మళ్ళీ దాని కూత కూయించాలని కొడుకు పట్టుదల.

బాయిలర్ తెలిసినవాళ్ళ కోసం వెతికితే మండపేటలో అచ్చిబాబు గారు దొరికారు. పదిహేడో ఏట ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక వేయడానికి చేరి, సర్టిఫికెట్ తెచ్చుకుని, నలభై మూడేళ్ళు బాయిలర్ చూశారు. ఆ మిల్లులో మొదట ఉన్నది కూడా రైలింజన్ తరహా బాయిలరే, చక్రాలు లేవంతే. ఏడు నెలలుగా ఆయనా, భార్య చిట్టెమ్మ గారూ షెడ్డు పక్క గదిలో కాపురం ఉంటున్నారు. గొట్టాలన్నీ మార్చారు, కవాటాలు సానపట్టారు. మిగిలింది బోల్టులు.

నిప్పు మండే పెట్టె ఒకటి, దాని చుట్టూ నీళ్ళు, ఆ నీళ్ళకు బయట మరో ఇనుపగోడ. ఆవిరి ఒత్తిడికి ఆ రెండు గోడలూ విడిపోకుండా పట్టి ఉంచేవి ఈ బోల్టులు. నీళ్ళలో ఉండే భాగం కంటికి కనపడదు. విరిగిందో లేదో సుత్తితో కొట్టి వినాల్సిందే. బాగున్నది గంటలా ఖంగుమంటుంది. విరిగినది చచ్చిన చప్పుడు చేస్తుంది. మిల్లులో చేరిన కొత్తలో ఓ ముసలాయన దగ్గర నేర్చుకున్న విద్య అది. అలా కొట్టి, విని, అన్నీ గట్టిగా ఉన్నాయని అచ్చిబాబు గారు కాగితం మీద సంతకం చేశారు.

“బాయిలర్ల ఆఫీసరు వచ్చేది గురువారం. ఈలోపు మనవాళ్ళ మధ్య ఓసారి చూసుకుందామన్నారు రాజుగారు. ఆదివారం. తెల్లవారుజామున సరుగుడు కట్టెలు వేసి నేనే అంటించాను. ఏడున్నరకి ఒత్తిడి గేజీ ముల్లు కదలడం మొదలెట్టింది. కాఫీ తాగొద్దామని గదికొచ్చాను. చిట్టెమ్మ పొయ్యి మీద కుక్కర్ పెట్టి, మూడు విజిల్స్ రాగానే కట్టెయ్యమని చెప్పి బట్టలారేయడానికి వెళ్ళింది. నేను ఎదురుగానే కూర్చున్నానండి.”

“ఏడుసార్లు కూసింది,” అన్నారు చిట్టెమ్మ గారు గుమ్మంలోంచి. “నేను దండెం దగ్గర లెక్కపెడుతున్నాను. పరిగెత్తుకొచ్చి చూస్తే గ్లాసు పట్టుకుని షెడ్డు వైపే చూస్తున్నాడు. ఏమయ్యా, పప్పు మాడ్చి పెడదామనుకున్నావా అన్నాను. ఇంకా కూయలేదు కదే అన్నాడు.”

“అప్పుడు కుక్కర్ వైపు తిరిగాను, ఎనిమిదోది వచ్చిందండి. బరువు లేచింది. ఆవిరి వెళ్ళి కిటికీకి కొట్టింది. చిట్టెమ్మ చెవులు మూసుకుంది. నాకేమో ఎవరో పక్కన ఊపిరి వదిలినట్టుంది. అంతే.”

మాటలు ఆయనకు వినపడతాయి. నేను అడిగినవన్నిటికీ జవాబు చెప్పారు. మర ఆడే చోట అన్నేళ్ళున్న చెవుల్లో ముందు పోయేది సన్నటి చప్పుళ్ళేనని తర్వాత భీమవరంలో డాక్టరు చెప్పారట. పోయినట్టు పోయినవాడికి తెలియదట.

“రెండేళ్ళ నుంచి సెల్ మోగినా తీయడు. పిలిస్తే పలకని మొగుడు అందరికీ ఉంటాడు కదా, నాకూ ఉన్నాడనుకున్నాను,” అన్నారావిడ.

అచ్చిబాబు గారు నవ్వలేదు. “నాకు ముందు సుత్తి గుర్తొచ్చిందండి. ఖంగుమన్నది విన్నానా నేను? గుర్తు చేసుకుంటే ఒక్కటీ గుర్తు రాదు. అన్నీ డబ్, డబ్, డబ్.”

షెడ్డులోకి వచ్చేసరికి ముల్లు ముప్పై ఐదు పౌన్ల మీద ఉంది. ఇరవైమంది చుట్టాలు టిఫిన్ ప్లేట్లతో నిలబడి ఉన్నారు. సూర్యావతి గారిని అప్పటికే ఇంజన్ పైకి ఎక్కించి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ మోచెయ్యి నిప్పుపెట్టె ఎడమ మూలకి జానెడు దూరంలో ఉంది. చేతిలో కూత తాడు.

“వంగి ఒక బోల్టుని కొట్టాను. డబ్. ఇంకోటి. డబ్. ముల్లు నలభైకి వచ్చింది. రాజుగారు అరవై దాకా వెళ్దామన్నారు. అరవై ఏం లెక్క, దీన్ని నూట ఇరవైకి కట్టారు, ఏం కాదులే అని నా లోపలొకడు అంటున్నాడండి. చెబితే ఏమవుతుందో కూడా వాడే చెబుతున్నాడు. నలభై మూడేళ్ళ పేరు ఇరవైమంది ఎదట పోతుందన్నాడు. వాడి మాట కాసేపు విన్నాను. అబద్ధం ఎందుకు, విన్నాను. ఇంతలో పెద్దావిడ, ఇంకెంతసేపు అచ్చిబాబూ అంది.”

“మీరేమన్నారు?”

“దిగండమ్మా అన్నాను. రాజుగారు ఏమైందండీ అన్నారు. నాకు వినపడదండి అన్నాను. ఆయన గొంతు పెంచి మళ్ళీ అడిగారు. మీ మాట కాదండి, బోల్టులు వినపడవు, ఆ సంతకం తప్పు సంతకం అన్నాను.”

శ్రీనివాసరాజు గారు కోపమొస్తే గొంతు తగ్గించే మనిషి. “మీరే కదండీ కొట్టి చూసింది? మీరు బాగుందంటేనే కదా నేను వీళ్ళని పిలిచింది?” అని మాత్రం అన్నారట. ఆయన బావమరిది జీవరాజు ఊరుకోలేదు. “పెద్దాయనకి చెవుడు ఇవాళ పొద్దున్నే పుట్టిందేంటి బావా? భయం పుట్టి ఉంటుంది, చూడు,” అన్నాడట.

దిగింది సూర్యావతి గారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మెట్టు వెతుక్కుంటూ తనే దిగి, కొడుకు వైపు తిరిగి అన్నారు. “నీకు తెలిసింది రొయ్యలు. బాయిలర్ తెలిసినవాడు దిగమంటే దిగాలి.”

అచ్చిబాబు గారు అందరినీ కాలవగట్టు అవతలికి పంపించేశారు. ఇనుప కొక్కెంతో మండుతున్న కట్టెలు ఒక్కొక్కటీ బయటికి లాగి, నేల మీద నీళ్ళు చల్లి ఆర్పారు. పెట్టె లోపల చల్లకూడదు. కాలిన రేకు మీద చన్నీళ్ళు పడితే కొత్త చీలికలు పుడతాయి.

“నిప్పు తీస్తే ముల్లు వెంటనే దిగదండి. రేకులో వేడుంటుంది కదా. నలభై రెండైంది. నలభై నాలుగైంది. ఆవిరి ఒక్కసారిగా వదిలేస్తే నీళ్ళు ఉడుకెత్తి పైకొస్తాయని, కవాటం వెంట్రుకవాసి తెరిచి పట్టుకున్నాను. పక్కనెవరో నిలబడ్డట్టుంటే చూశాను. ఇది. నువ్వు పోవే అన్నాను. ఏదైనా టక్కుమంటే నీకు వినపడదు కదా, ఎవరు వింటారు అంది.”

చిట్టెమ్మ గారు కొంగుతో గుమ్మానికున్న మసి తుడిచారు.

ముల్లు సున్నాకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చుట్టాలు వెళ్ళిపోయారు. రెండు రోజులు చల్లారనిచ్చి, నీళ్ళు తీసేసి, ఇద్దరూ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆయన కొట్టడం, ఆవిడ వినడం. ఇంజన్ సంగతి ఆవిడకేమీ తెలియదు. కానీ పెళ్ళైన దగ్గర్నుంచి సంతలో కుండ కొన్నప్పుడల్లా వేలిముడితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, బీటున్నదాన్ని పక్కన పెట్టిన మనిషి. మొదటి రెండు వరసలూ పలుకుతున్నాయి అన్నారు. మూడో వరస ఎడమ మూలకి వచ్చాక, “ఆగు. ఇది కొననయ్యా,” అన్నారు.

ఆ మూలలోనే పక్కపక్కన ఐదు. వేరేచోట రెండు. శ్రీనివాసరాజు గారు వచ్చి నిలబడ్డాక, ఆయన కళ్ళెదుటే ఒకదాన్ని తొలిచి తీశారు. అది నా చేతిలో పెట్టారు అచ్చిబాబు గారు. విరిగిన చోటంతా నల్లటి పాత తుప్పు. అంచున గోరంత మేర మాత్రం ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఆ గోరంతే ఇంకా పట్టుకుని ఉంది. కొన్నిట్లో అదీ లేదట.

“రాజుగారు ఏమన్నారు?”

“దాన్ని అలా ఇలా తిప్పి చూశారు. అమ్మ కూర్చున్నది ఎక్కడ అనడిగారు. చూపించాను. బయటికెళ్ళి చాలాసేపు గట్టు మీద నిలబడ్డారు. సాయంత్రం జీవరాజు గారి చేత చిట్టెమ్మకి ఓ కుర్చీ పంపించారు, నిలబడి వినక్కర్లేదని.”

“ఆ బాబు నా మొహం చూడకుండా కుర్చీ వేసి వెళ్ళాడు,” అన్నారు చిట్టెమ్మ గారు.

ఏడు కొత్త బోల్టులూ బిగించారు. ఆఫీసరు రాకను వచ్చే వారానికి వాయిదా వేయించారు. ఆవిడ మిగతావన్నీ మరో రెండుసార్లు విన్నారు. అచ్చిబాబు గారి మొహంలో మాత్రం ఊరట లేదు. లేచి నన్ను రోడ్డుదాకా దిగబెట్టారు. బస్సు కోసం నిలబడ్డాక అడిగారు.

“మీరు రాజమండ్రి కదండీ వెళ్ళేది? మండపేట మీదుగా వెళ్ళండి. నాతో పనిచేసిన వెంకన్న ఇప్పటికీ మిల్లులో బాయిలర్ దగ్గరే ఉన్నాడు. ఇద్దరం ఒకే ఏడు చేరాం. నాలుగుసార్లు ఫోన్ చేసి చెప్పాను. నా చెవులకేం, పాములా వింటాను అంటాడు. నేనూ అలాగే అనేవాణ్ణి. మీరు పలకరించడానికి వచ్చినట్టు వెళ్ళండి. వాడు గేజీ వైపు తిరిగి ఉన్నప్పుడు, వెనక నుంచి ఓ స్పూను తీసుకుని గ్లాసు మీద కొట్టండి, మెల్లగా. తిరిగితే టీ తాగి వెళ్ళిపోండి. తిరక్కపోతే మాత్రం వాడితో ఏమీ అనకండి. అక్కడినుంచే నాకు ఫోన్ చేయండి. చిట్టెమ్మ ఎత్తుతుంది.”