వేలు చాలన్న సారు

నూరీన్ కీబోర్డు వైపు చూడకుండా టైపు చేసేది. హుస్నాబాద్ దగ్గర కుమ్మరికుంట సహకార సంఘంలో పదమూడేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్, అదీ కాంట్రాక్టు మీద. ధాన్యం కొనే రోజుల్లో రైతు పేరు, సర్వే నంబరు, బస్తాలు, తేమ శాతం ఒకరు చదువుతూ పోతే, చదివిన నోరు మూతపడే లోపే ఆమె వేళ్లు కొట్టడం ముగించేవి. కరీంనగర్‌లో వాళ్ల నాన్న ముకర్రం టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. పన్నెండేళ్ల బిడ్డ చేతుల మీద తువ్వాల కప్పి నేర్పించాడు. కళ్లు కాగితం మీద ఉండాలి, వేళ్ల పని వేళ్లు చూసుకుంటాయి అనేవాడు.

యాసంగి కోతలు మొదలైన వారంలో సంఘం కార్యదర్శి సంపత్ హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణకు వెళ్లాడు. మెడలో కొత్త ఐడీ కార్డుతో, చేతిలో రెండు ట్యాబ్‌లతో తిరిగొచ్చాడు.

"నూరీనమ్మా, ఇగ కీబోర్డు ముచ్చట బంద్. మౌస్ బంద్. లోకమంతా వేలు మీద నడుస్తుంది. ఇట్ల ముట్టుకుంటే చాలు."

"లోకం నడవనీయండి సార్. బయట నలభై ట్రాక్టర్లున్నయి. నేను ముట్టుకుంటూ కూసుంటే అవెట్ల నడుస్తయి?"

"నీకు కొత్తదంటే భయం," అన్నాడు సంపత్, ఆ ట్యాబ్‌ను తలకిందులుగా పట్టుకొని.

మరునాడు పొద్దున ప్రారంభోత్సవం. కొబ్బరికాయ కొట్టారు. ట్యాబ్‌లకు పసుపు రాసి, తెర నడుమ కుంకుమబొట్టు పెట్టారు. ఫోటోలయ్యాక చూస్తే తెర కదల్లేదు. సంపత్ రుమాలు తడిపి తుడిచాడు. అప్పుడది తనంతట తానే అన్నీ నొక్కుకోవడం మొదలుపెట్టింది. ఆరడానికి ఫ్యాన్ కింద పెట్టి, ఆ ఖాళీలో ఆయన డిజిటల్ విప్లవం గురించి మాట్లాడాడు. పాత కంప్యూటర్లూ కీబోర్డులూ గోనెసంచుల్లోకి వెళ్లాయి. స్టోర్‌రూంకు తాళం పడింది.

అసలు పని మొదలయ్యాక తెర సగభాగాన్ని అక్షరాలే మింగేశాయి. ఒక్కో అక్షరం కోసం నూరీన్ వేలు వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది. ఒత్తు నొక్కితే దీర్ఘం పడేది. అది చాలదన్నట్టు, రెండక్షరాలు కొట్టగానే మిగతా మాట యంత్రమే ఊహించేది. సంపత్ కుర్చీ లాక్కొని, "ఇట్లియ్యి, నేను చూపిస్త," అని ఒక రైతు పేరు తనే కొట్టాడు. రాయమల్లు అనే ఆ రైతు చేతికొచ్చిన చీటీ మీద పేరు దగ్గర 'రాయితీ' అని ఉంది.

రాయమల్లు దాన్ని ఎండకు పట్టి చదివాడు. "మంచిగుంది సారూ. యూరియా మీద ఇయ్యని రాయితీ నా పేరు మీద ఇచ్చిండ్రు."

క్యూ నవ్వింది. సంపత్ నవ్వలేదు.

తరువాత కిష్టవ్వ వంతు. బస్తాలు అప్పజెప్పినట్టు రైతు తెర మీద వేలితో సంతకం చేయాలి. యాభై ఏళ్లు కొడవలి పట్టిన ఆమె వేలు ఎండి, పగిలి, గట్టిపడింది. ఎంత రుద్దినా తెర మీద గీత పడలేదు.

"జర మెల్లగ ముట్టు అవ్వా. పసిపిల్లను ముట్టినట్టు," అన్నాడు సంపత్.

"ముట్టిన గదా బిడ్డా. ఏమంటుంది?"

"వేలు లేదంటుంది."

కిష్టవ్వ తన వేలు వంక ఒకసారి చూసుకుంది. "ఓటేసినప్పుడు ఉండె గదా సారూ!"

మూడో రోజుకు ట్రాక్టర్ల వరస రోడ్డు దాకా పాకింది. సిద్దిపేట వైపు మబ్బు పట్టింది. రైతులు రాశుల మీద టార్పాలిన్లు కప్పి, కొసలకు రాళ్లు పెడుతున్నారు. నూరీన్ కార్యదర్శి గదిలోకి వెళ్లి స్టోర్‌రూం తాళంచెవి అడిగింది.

"పిచ్చా? రేపు జిల్లా నుంచి పెద్దసారు వస్తుండు, కీబోర్డు లేని ఆఫీసు చూసేటందుకే వస్తుండు. వడ్లు కాదమ్మా, ముందు ఆఫీసు పరువు."

ఆమె వాదించలేదు. మరునాడు ఇంటి నుంచి సొంత కీబోర్డు, వేలెడంత వైరు సంచిలో వేసుకొచ్చింది. ట్యాబ్‌కు తగిలించి, కీబోర్డును ఒళ్లో పెట్టుకొని, పైన చున్నీ కొంగు కప్పింది. మధ్యాహ్నానికల్లా సగం ట్రాక్టర్లు కదిలాయి. వేలు పడని వాళ్ల చేతికి, సంఘం పెన్ను అంటూ మెత్తటి రబ్బరు మొనున్న పెన్ను ఇచ్చింది. అది తన దగ్గరున్నదే. కిష్టవ్వ దాంతో గీత గీసి వెళ్లిపోయింది.

పెద్దసారు వచ్చేసరికి తెర మీద పేర్లు వరసగా దిగుతున్నాయి. సంపత్ పక్కన నిలబడి, చూపుడు వేలు గాలిలో ఆడిస్తూ, ఆ వేగమంతా తన వేలిదే అన్నట్టు మొహం పెట్టాడు.

"అద్భుతం! ముట్టుకోకుండానే నడుస్తుందా?" అన్నాడు పెద్దసారు.

నూరీన్‌కు అబద్ధం చెప్పాలనిపించలేదు. చున్నీ తీసింది. "కీబోర్డు సార్."

సంపత్ చెవులు ఎర్రబడ్డాయి. పెద్దసారు వంగి కీబోర్డును అటూ ఇటూ చూశాడు, ఎన్నడూ చూడని వస్తువులాగా.

"ట్యాబ్‌కు మీటల పలక తగిలించిండ్రా? ఎవరి ఆలోచన ఇది?"

"మా ఆఫీసుదే సార్," అన్నాడు సంపత్, ఊపిరి కూడా తీసుకోకుండా.

వాన సాయంత్రం పడింది. అప్పటికి ఆరు రాశులే మిగిలాయి. అందులో రెండు తడిసి, మూడు రోజుల్లో మొలకెత్తాయి. ఆ రెండిట్లో ఒకటి, చీటీలో పేరు తప్పడంతో ఆగిపోయిన రాయమల్లుది. ప్రారంభోత్సవం లేకపోతే అదీ మిల్లుకు చేరి ఉండేదని నూరీన్ ఎవరితోనూ అనలేదు గానీ, మొలకలు చూసిన రాత్రి అన్నం సయించలేదు.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది: ప్రతి సంఘమూ ట్యాబ్‌కు మీటల పలక అమర్చుకోవాలి, వీలైతే చేతిలో ఇమిడే సూచిక పరికరం కూడా, అంటే మౌసే. సంపత్‌కు వినూత్న ఆలోచన చేసినందుకు శాలువా కప్పారు. నూరీన్‌ను శిక్షకురాలిగా చొప్పదండికి పంపారు, అదే జీతం మీద.

అక్కడ ముప్ఫై మంది ఆపరేటర్లు. ముందు వరసలో నవత అనే అమ్మాయి ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటోంది. నూరీన్ ఆమె వెనక నిలబడి, మణికట్లు పట్టుకొని, ఎనిమిది వేళ్లనూ మధ్య వరస మీద పెట్టింది.

"ఇవి వేళ్ల ఇండ్లు. ఎటు పోయినా ఇక్కడికే రావాలె. కింద చూడకు, భయపడకు."

మధ్యాహ్నానికి నవత తన ఊరు పేరు కింద చూడకుండా కొట్టింది. ఒక అక్షరం తప్పింది. నూరీన్ దాన్ని దిద్దలేదు. "మళ్లా కొట్టు," అంది.